మాటవరసకి ఇచ్చిన అభయం

సఖీదాద్ పుస్తకాన్ని రెండు చేతుల మీదా పెట్టుకుని, నిద్రపోతున్న పిల్లని మోసుకొచ్చినట్టు మెట్లెక్కి వచ్చాడు. గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, వాటి ముక్కులు వీధివైపు ఉండేలా కాలితో తిప్పి, లోపలికి వచ్చి షేక్ యదుల్లా ముందున్న పొట్టి మేజా మీద ఉంచాడు.

"ఆరిందా?" అన్నాడు షేక్.

"పైకి ఆరిందండీ, హాజీ ఆఘా. వెన్ను లోపల ఇంకా చెమ్మ ఉంటుంది. రెండు రోజులు బాగా వెడల్పుగా తెరవకండి."

షేక్ అట్ట మీద అరచెయ్యి ఆనించి చూశాడు. ఖుమ్ పట్టణంలో ముప్పై ఏళ్ళుగా ఆయన పాఠం చెబుతున్న సంపుటం అది. యుద్ధం, సంధి, ఖైదీలు, శత్రువుకి ఇచ్చే అభయం, అన్నీ అందులోనే. చదివి చదివి వెన్ను విరిగి రెండు ముక్కలైంది. సఖీదాద్ దాన్ని కట్టలు కట్టలుగా విప్పి, పాత దారాలు గీకి, కట్టకీ కట్టకీ మళ్ళీ కుట్టు వేసి, లోపల నూలుగుడ్డ అంటించి, పైన మేకతోలు తొడిగాడు. నిక్కచ్చి పని. షేక్ కళ్ళజోడు పైకి నెట్టి కుట్టు చూసి, తృప్తిగా తలాడించాడు.

"ఎంతివ్వమంటావు?"

సఖీదాద్ ధర చెప్పేశాడు. షేక్‌కి నవ్వొచ్చింది. ఖుమ్‌లో ఏ కొట్టువాడైనా ముందు, మీ దగ్గర డబ్బులు తీసుకోవడమా, మీ దీవెన చాలు, అంటాడు. రెండోసారీ వద్దంటాడు. మూడోసారికి లెక్కపెట్టి మరీ తీసుకుంటాడు. మొదటి మాట నిజమనుకుని డబ్బు జేబులో పెట్టుకున్నవాడి వెనక వీధి మలుపుదాకా పరిగెడతాడు. అడిగీ అడగ్గానే ధర చెప్పేవాడు ఈ అఫ్గానీ ఒక్కడే.

"రెండేళ్ళయినా నీకు మా ఊరి మర్యాద అబ్బలేదయ్యా" అన్నాడు షేక్ డబ్బు తీసిస్తూ.

"నేర్చుకుంటానండీ" అని సఖీదాద్ తల వంచి నవ్వాడు. అతను నిజంగానే నేర్చుకోవాలనుకుంటున్నాడని షేక్‌కి తోచలేదు.

ఇంతలో వీధిలో కారు ఆగింది. టెహ్రాన్ నుంచి ఎవరో వచ్చారని లోపలినుంచి భార్య ఎఫ్ఫత్ కేకేసింది. వచ్చినవాడు బెహ్నామ్ అష్తరీ. ఒకప్పుడు షేక్ దగ్గరే చదువుకుని, సగంలో తలపాగా మడిచి పెట్టెలో పెట్టి రాజకీయశాస్త్రానికి వెళ్ళినవాడు. ఇప్పుడు విదేశాంగం చూసే పెద్ద ఆఫీసులో ఒక గదికి అధిపతి. సఖీదాద్ ఇరుకు మెట్ల మీద గోడకి అతుక్కుని, గుండె మీద చెయ్యి వేసుకుని అతనికి దారిచ్చాడు.

పైచోట మీరు కూర్చోండంటే మీరు కూర్చోండని కాసేపు ఇద్దరూ నిలబడే వాదించుకున్నారు. చివరికి గురువే కూర్చున్నాడు. టీ వచ్చింది.

"ఇందాక మెట్ల మీద ఎవరు, హాజీ ఆఘా?"

"పుస్తకాలు కుట్టేవాడు. కింద నేలగదిలో అద్దెకుంటాడు. పెళ్ళాం, చంటిపిల్ల."

"అటువైపు మనిషేనా?"

"ఆ. కాబూల్‌లో ఇప్పటివాళ్ళు రాకముందున్న సైన్యంలో లారీ తోలేవాడట. చేతిలో పనితనం చూడు" అంటూ షేక్ పుస్తకం ముందుకి జరిపాడు. బెహ్నామ్ అట్టని తట్టి బాగుందన్నాడు. ఆ తర్వాత వచ్చిన పని ఎత్తుకున్నాడు.

"పడమట సంగతి మీరు వింటూనే ఉన్నారు. ఈ వేసవి గడిచేలోపు అక్కడ నిప్పంటుకునేలా ఉంది. ఇల్లు రెండు వైపులా కాలకూడదని పెద్దల ఆలోచన. తూర్పున సరిహద్దు ముందు చల్లారాలి. మొన్నటి కాల్పుల్లో మన పిల్లలు పోయారు. కాబూల్ వాళ్ళు నది గేట్లు ఎత్తుతామంటున్నారు. ఆ నీళ్ళు రాక ఇవతల మన సీస్తాన్‌లో పశువులు బురద నాకుతున్నాయి, హాజీ ఆఘా. జనం కుండలు పట్టుకుని ట్యాంకరు వెనక పరిగెడుతున్నారు."

"బదులుగా ఏమడుగుతున్నారు?"

"పాత సైన్యంలో పనిచేసి ఇటు వచ్చినవాళ్ళని అప్పజెప్పమంటున్నారు."

"అప్పజెబితే?"

"విచారణ చేస్తారట" అన్నాడు బెహ్నామ్, టీ గ్లాసులోకి చూస్తూ.

బెహ్నామ్ గొంతు తగ్గించాడు.

"సంతకాలకి ముందు పైవాళ్ళకి ఒక్కటే బెరుకు. శరణని వచ్చినవాణ్ణి తిరిగి పంపడం ఏ ధర్మమని రేపు ఎవరైనా మసీదులో లేచి అడిగితే ఏం చెప్పాలి? మీరు ఐదు పేజీలు రాసివ్వండి. ఈ ఊళ్ళో ఆ అధ్యాయం మీకు తెలిసినట్టు ఎవరికి తెలుసు? అక్కడ నలుగురు కూర్చున్నప్పుడు నేనే మీ పేరు చెప్పాను."

ఈ మాట కోసం షేక్ ఎన్నాళ్ళ నుంచి కాచుకున్నాడో ఆయనకే తెలుసు. తనతో చదువుకున్నవాళ్ళకి సభలూ కార్లూ వచ్చాయి. తనకి ఏటేటా కొత్త కుర్రాళ్ళు వచ్చారు, అంతే. సీస్తాన్ నీళ్ళ మీద జాలి కలిగిన మాట నిజమే. కానీ ఆ క్షణంలో ఆయన ఒళ్ళు పులకరించింది జాలితో కాదు.

వెళ్ళేటప్పుడు బెహ్నామ్ గుమ్మంలో వంగి, "మా ఆఫీసు మీదే అనుకోండి, హాజీ ఆఘా. ఏ పనైనా సరే మీ నోటినుంచి ఒక్క మాట చాలు, కాదనేవాడు లేడు" అన్నాడు.

"నీ నీడ చల్లగా ఉండాలి నాయనా" అన్నాడు షేక్.

*

మర్నాడు పొద్దున్నే రాతకి కూర్చున్నాడు. వెన్ను పూర్తిగా ఆరలేదు కాబట్టి పుస్తకాన్ని సగమే తెరిచి, ఒక చేత్తో పట్టుకుని, పక్కనుంచి తొంగి చూస్తూ చదవాల్సొచ్చింది. చదవక్కర్లేదు కూడా. ఆ దారి ఆయనకి కళ్ళు మూసుకున్నా తెలుసు.

శాస్త్రం అభయం సంగతిలో రాజుకీ కూలివాడికీ తేడా పెట్టలేదు. ముస్లిముల్లో అందరికన్నా కిందివాడు, ఒక బానిస, ఒక ముసలమ్మ, ఎవరైనా సరే శత్రువుకి అభయమిస్తే అది అందరినీ కట్టేస్తుంది, సుల్తానుతో సహా. నోటితోనే ఇవ్వాలని లేదు, సైగ చాలు. అంతేకాదు, ఎవరూ ఇవ్వకపోయినా ఇచ్చారని పొరబడి నమ్మి వచ్చినవాణ్ణి కూడా ముట్టుకోకూడదు. క్షేమంగా ఉండే చోటికి చేర్చాకే ఆ నమ్మకం రద్దవుతుంది. ఈనాటి పండితులు సరిహద్దులో పాస్‌పోర్టు మీద కొట్టే ముద్రని కూడా అభయంగానే లెక్కవేస్తారు. అంటే బెహ్నామ్ అడిగినదానికి ఏ తలుపు తట్టినా లోపల గడియే ఉంది.

నేలగదిలోంచి సఖీదాద్ సుత్తి చప్పుడు వస్తోంది. కుట్టిన కట్టల వీపుని గుండ్రంగా తట్టే చప్పుడు అది, మెత్తగా, ఆగి ఆగి. రోజూ వినేదే. ఆ రోజు షేక్ లేచి కిటికీ మూసొచ్చాడు.

మధ్యాహ్నానికి ఒక సందు దొరికింది. ఈ అధ్యాయమంతా అవిశ్వాసి అయిన శత్రువు గురించి. ముస్లిముకి ముస్లిము దగ్గర అభయం తీసుకోవాల్సిన అవసరమే లేదు. అవసరం లేనిది ఎవరూ ఇవ్వలేదు. ఇవ్వనిదాన్ని తప్పినట్టూ కాదు. కనక ఈ మనుషుల విషయంలో అభయభంగం అన్న మాటే పుట్టదు. మిగిలింది రాజ్యక్షేమం. అది చూసుకోవడం పాలకుడి పని.

షేక్ చేతులు రుద్దుకున్నాడు. చదరంగంలో ఎవరూ చూడని ఎత్తు చూసినవాడి సంతోషం అది. భోజనానికి లేచి మాంసం పులుసులో రొట్టె తుంచి వేసుకుని మారు వడ్డించమన్నాడు.

ఎఫ్ఫత్ ఎదురుగా కూర్చుని గుడ్డ మీద ఆకుకూర పరిచి, కుళ్ళిన ఆకులు ఏరుతోంది.

"కింద గుల్‌బేగం ఏడుస్తోంది" అంది. "వాళ్ళన్న వచ్చాడట నిన్న. వీధుల్లో పట్టుకుపోతున్నారు, నాతో వచ్చేయండి, తుర్కీ వైపు వెళ్ళిపోదాం అని కాళ్ళావేళ్ళా పడ్డాడట. సఖీదాద్ కదలనన్నాడట."

"ఎందుకు కదలడూ?"

"హాజీ ఆఘా మాటిచ్చారు, నాకేం భయం అన్నాడట."

రొట్టెముక్క షేక్ చేతిలో ఆగింది. "నేనేం మాటిచ్చాను?"

"అతను ఒంటరిగా మనింటికి వచ్చిన రోజున. గుండె మీద చెయ్యి వేసుకుని మరీ అన్నారు. ఈ ఇల్లు నీది, ఈ కప్పు మీద మట్టి ఉన్నంతకాలం నీ మీద ఎవడి చెయ్యీ పడదు అని. నేను తలుపు వెనకే ఉన్నానుగా."

"అది మాటవరసకి అన్నది, ఎఫ్ఫత్. గుమ్మంలోకి వచ్చినవాడితో ఇంకేమంటాం? కూరగాయల కరామత్‌తో నీ కోసం ప్రాణమిస్తానని రోజూ అంటాను. ఇచ్చానా?"

ఎఫ్ఫత్ నవ్వింది. నవ్వు ఆగాక ఆకుల మీదనుంచి తలెత్తకుండానే అంది: "కరామత్ మీ మాట పట్టుకుని పెళ్ళాన్ని కొండలు దాటించి తెచ్చుకోలేదు."

షేక్ చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

రాసినదాన్ని శుభ్రంగా తిరిగి రాస్తుంటే మూడో పేజీలో ఆ వాక్యం అడ్డొచ్చింది. అభయం ఉందని పొరబడి నమ్మినవాడికి కూడా రక్షణ ఉంది అనే వాక్యం. ఎదుటి పక్షం వాదన కూడా చెప్పాలి కదా అని తనే పొద్దున రాసినది. ఇప్పుడు చదువుతుంటే దానికొక ముఖం కనిపించింది, చెప్పుల ముక్కులు వీధివైపు తిప్పుకుని వచ్చే మనిషి ముఖం. షేక్ కలంతో వాక్యం మీద ఒక గీత గీశాడు. అక్షరాలు ఇంకా కనబడుతుంటే రెండో గీత గీశాడు. ఐదు పేజీలే అడిగారు, చోటు చాలదు, అని తనకి తనే చెప్పుకున్నాడు. తిరగరాసిన కాగితాల్లో ఐదో పేజీ సగం ఖాళీగా మిగిలింది.

సాయంత్రం టెహ్రాన్ నుంచి డ్రైవరు వచ్చి పట్టుకెళ్ళాడు.

*

ఒక రోజు ఊరుకుని బెహ్నామ్ ఫోన్ చేశాడు.

"చేతులు ముద్దుపెట్టుకోవాలి, హాజీ ఆఘా. ఇన్నాళ్ళుగా బిగుసుకున్న ముడి ఒక్క దెబ్బతో విప్పేశారు. అవిశ్వాసికే అభయం, ముస్లిముకి అక్కర్లేదు. పైవాళ్ళు విని, ఈయన ఇన్నాళ్ళూ ఎక్కడున్నాడయ్యా అన్నారు."

రెండు రోజుల కిందట ఈ పొగడ్తకి షేక్ ఉబ్బిపోయేవాడే. ఇప్పుడు అదే వాదం ఇంకొకడి నోట వింటుంటే, తన లోపలి బట్టలు ఎవరో వీధిలో ఆరేసినట్టు అనిపించింది.

"ఒక చిన్న మాట" అన్నాడు బెహ్నామ్. "మీ కింద ఉన్న లారీ అతను. రెండు మూడు రోజుల్లో వేరే చోటు చూసుకోమనండి. మీ గుమ్మం ముందుకి జీపు రావడం బాగుండదు."

"నీకెలా తెలుసు అతను లారీ..." అని మొదలుపెట్టి షేక్ ఆగిపోయాడు. పుస్తకం ముందుకి జరుపుతూ తనే చెప్పిన సంగతి గుర్తొచ్చింది. చెవులు వేడెక్కాయి. "కాస్త చూడు నాయనా. మంచివాడు."

"మీరు చెప్పాలా? కళ్ళ మీద పెట్టుకుంటాను" అన్నాడు బెహ్నామ్. ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన షేక్‌కి ఆ మాటకి అర్థం తెలుసు. కుదరదని అర్థం.

మధ్యాహ్నపు నమాజు అయ్యాక నేలగదిలోకి దిగాడు. రెండేళ్ళలో అదే మొదటిసారి. మెట్లు నిటారుగా ఉన్నాయి, పైఅంగీ అంచు చేత్తో ఎత్తి పట్టుకుని ఒక్కొక్కటే దిగాడు. గదంతా జిగురు వాసన. నొక్కుడు చట్రంలో రెండు పుస్తకాలు బిగించి ఉన్నాయి. సఖీదాద్ మోకాళ్ళ మీద పీట పెట్టుకుని తోలు అంచుని కత్తితో పలచగా చెక్కుతున్నాడు. ఒక మూల ఉయ్యాలలో పిల్ల. గుల్‌బేగం నేల మీద కూర్చుని చిరిగిన కాగితాలకి సన్నటి కాగితం అతుకు వేస్తోంది. షేక్‌ని చూసి ఇద్దరూ గభాల్న లేచారు. ఉన్న ఒక్క దిండూ తెచ్చి ఆయన వెనక పెట్టారు.

"ఎంత భాగ్యం, హాజీ ఆఘా" అన్నాడు సఖీదాద్. "కబురంపితే నేనే వచ్చేవాణ్ణిగా."

షేక్ కూర్చున్నాడు. పని బాగా సాగుతోందా అన్నాడు. పిల్ల పళ్ళొచ్చాయా అన్నాడు. జిగురు ఎక్కడ కొంటావన్నాడు. ఉడకబెట్టుకుంటానన్నాడు సఖీదాద్. ఇంక అడగడానికి ఏమీ మిగల్లేదు. ముప్పై ఏళ్ళు వందలమంది ముందు తడుముకోకుండా మాట్లాడినవాడికి ఈ ఇద్దరి ముందు నోరు పెగల్లేదు.

"సఖీదాద్, నువ్వు వచ్చిన రోజున నేనొక మాట అన్నాను."

"గుర్తుందండీ."

"మనిషి గుమ్మంలోకి వచ్చినప్పుడు... మా ఊళ్ళో... అంటే, మేం మాట్లాడే తీరు నీకు..." షేక్ చూపు నేలమీద తోలు చెక్కుల మీదికి జారింది. "కాలం బాగాలేదు. పైవాళ్ళ చేతుల్లో ఉన్న పని. నా చేతుల్లో..."

కత్తి ఇంకా సఖీదాద్ చేతిలోనే ఉంది. అతను దాన్ని నెమ్మదిగా గుడ్డకి తుడిచి, పీట మీద పెట్టాడు. ఆయన ముఖంలోకి ఒక్కసారి చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. తప్పు చేసిన పెద్దమనిషిని చూడకూడని చోట చూసినవాడిలా అతనికే సిగ్గేసినట్టుంది.

"దానికేం, హాజీ ఆఘా" అన్నాడు. "మర్యాదకి అన్న మాటని నాకు తెలియదా? నేనూ అప్పుడే అలాగే అనుకున్నాను. మా వైపు కూడా అంటాంగా. మీరు ఆ మాట మనసులో పెట్టుకోకండి. పని దొరికిందని ఉన్నాను గానీ, దాన్ని పట్టుకుని కాదు."

గుల్‌బేగం చేతిలో కాగితం ఆగిపోయింది. "మరి మొన్న మా అన్నయ్య వస్తే..." అంది. "హాజీ ఆఘా మాటుంది, ఎక్కడికీ రానని..."

"టీ పోసి ఇవ్వు" అన్నాడు సఖీదాద్.

ఆమె భర్తని చూసింది, షేక్‌ని చూసింది, కొంగు ముఖం మీదికి లాక్కుని టీ కాగుతున్న సమోవర్ వైపు తిరిగింది. గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. షేక్ ఆ టీ తాగాడు. తాగకుండా లేవడానికి ముఖం చెల్లలేదు. సఖీదాద్ పంచదార ఉండల పళ్ళెం ముందుకి జరిపి, "తీసుకోండి" అని రెండుసార్లు అడిగాడు, ఖుమ్ మనిషిలాగే.

మెట్లెక్కుతుంటే అమ్మయ్య అనిపించింది. పైకి చేరేసరికి ఆ అమ్మయ్య అనుకున్నందుకు తల కొట్టేసినట్టయింది.

*

వాళ్ళు తెల్లవారుఝామున ఎప్పుడు వెళ్ళారో ఎవరికీ తెలియదు. ఎఫ్ఫత్ వంటింటి తలుపు తీసేసరికి గడప పక్కన తీపినీళ్ళ డబ్బా నిండుగా ఉంది. ఖుమ్‌లో కుళాయి నీళ్ళు ఉప్పన. వీధి చివర నుంచి తాగేనీళ్ళు మోసుకొచ్చి పెట్టడం సఖీదాద్ తనకి తానే వేసుకున్న పని. డబ్బా మూత మీద నేలగది తాళంచెవి ఉంది.

ఎఫ్ఫత్ ఆ చెవి తెచ్చి షేక్ ముందు మేజా మీద పెట్టి వెళ్ళింది. ఏమైనా అని ఉంటే బాగుండేదని షేక్ అనుకున్నాడు. పాఠానికి వెళ్ళలేదు. పుస్తకం ముందు కూర్చున్నాడు. ఇప్పుడది ఎంత వెడల్పుగా తెరిచినా ఏం కాదు, వెన్ను ఆరిపోయింది. ఆయన వెతుకుతున్నది యుద్ధం అధ్యాయంలో దొరకలేదు. దానాల అధ్యాయంలో, ఇంకో సంపుటంలో దొరికింది. ఇచ్చేవాడు మొహమాటానికి లొంగి ఇచ్చిన వస్తువు పుచ్చుకున్నవాడికి దక్కదు, అది లాక్కున్న సొమ్ము కిందే లెక్క. కుర్రాళ్ళకి ఆ మాట చెప్పినప్పుడల్లా ఆయన ఏదో ఒక పెళ్ళి విందు కథ చెప్పి నవ్వించేవాడు.

నిన్న నేలగదిలో తను పుచ్చుకున్నది అదే. సఖీదాద్ తన మాటని తనకి తిరిగిచ్చేశాడు, మొహమాటంతో, ముసలాయన తల వంచుకుంటే చూడలేక. కనక ఆ ఇవ్వడం చెల్లలేదు. అభయం ఇంకా నిలిచే ఉంది. అది ఉన్నవాడు మాత్రం రోడ్డు మీద ఉన్నాడు.

పొద్దెక్కాక గుల్‌బేగం ఒంటరిగా తిరిగొచ్చింది, చంకలో పిల్లతో. టెహ్రాన్ దారిలో సుంకం గేటు దగ్గర బస్సులన్నీ ఆపారు. సఖీదాద్‌ని, ముందు బస్సులో వెళ్తున్న ఆమె అన్నని, ఇంకొంతమందిని దింపేసి శిబిరానికి తీసుకుపోయారు. ఎల్లుండి సరిహద్దుకి పంపుతారట. ఆమె ఏడవడం లేదు. ఏడుపు దారిలోనే అయిపోయినట్టుంది.

"నా పేరు చెప్పలేదా?" అన్నాడు షేక్. "ఫలానా ఆయన ఇంట్లో ఉంటున్నానని చెప్పాల్సింది."

"నేను చెప్పబోయానండీ. ఆయన చెప్పనివ్వలేదు" అంది గుల్‌బేగం. "హాజీ ఆఘాకి తలవంపులు తేకు అన్నాడు."

షేక్ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. తర్వాత ఎఫ్ఫత్‌ని పిలిచి బయటికి వెళ్ళే తలపాగా ఇమ్మన్నాడు. ఆమె అప్పటికే చేతిలో పట్టుకుని ఉంది.

*

టెహ్రాన్‌లో ఆ ఆఫీసు గేటు దగ్గర కాపలావాడు ఎవరు రమ్మన్నారని అడిగాడు. "అష్తరీ గారు. ఈ ఆఫీసు నాదేనన్నారు" అన్నాడు షేక్. ముసలాయన వేళాకోళం చేస్తున్నాడనుకుని కాపలావాడు నవ్వాడు. షేక్ నవ్వలేదు. కాసేపటికి బెహ్నామ్ తనే దిగొచ్చి, కబురంపితే కారు పంపేవాణ్ణి కదా అని నొచ్చుకుంటూ చెయ్యి పట్టుకుని పైకి తీసుకెళ్ళాడు.

"సఖీదాద్ మీ వాళ్ళ దగ్గరున్నాడు" అన్నాడు షేక్, కుర్చీలో కూర్చోగానే.

"ఎవరండీ?"

"నా పుస్తకం కుట్టినవాడు."

బెహ్నామ్ నిట్టూర్చాడు. "ముందే చెప్పాను కదా, పంపించేయమని."

"పంపించేశాను. దారిలో పట్టుకున్నారు. అభయం వెనక్కి తీసుకున్నవాడు అతన్ని క్షేమమైన చోటికి చేర్చి మరీ తీసుకోవాలి. నేను రోడ్డు మీద వదిలేశాను. అసలు వెనక్కి తీసుకోవడమే చెల్లలేదు."

"హాజీ ఆఘా, మీరే రాశారు. ముస్లిముకి అభయం అక్కర్లేదని."

"రాశాను. శత్రువుకే అంత రక్షణ ఉంటే మనవాడికి ఇంకెంత ఉండాలని మొదటి ఏడాది కుర్రాడైనా అడుగుతాడు. నీకూ నేనే చెప్పాను ఆ పాఠం. చదివి నువ్వు అడగలేదు. రాస్తూ నేనూ అడగలేదు." షేక్ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "ఒక వాక్యం కొట్టేశాను, బెహ్నామ్. చోటుండీ కొట్టేశాను. దాన్ని మళ్ళీ రాసి, కింద ఇంకో మాట చేర్చాలి. ఇది రాసినవాడు ఆ మనుషుల్లో ఒకడికి అభయమిచ్చాడు, అది ఇంకా రద్దు కాలేదు అని. కాగితం ఇవ్వు."

"అది పైకి వెళ్ళిపోయింది. ఇప్పుడు కదిపితే మీ పేరే పోతుంది. నాది కూడా. సీస్తాన్ నీళ్ళ మాట కూడా ఆలోచించండి."

"ఆలోచించాను. నీళ్ళు కావాలి. ఏ ధరకి కొంటున్నారో పెద్దలకి తెలిసే కొనాలి. నేను ఆ ధర చెరిపేసి ఇచ్చాను." బల్ల మీద చెయ్యి ఆనించి అన్నాడు: "మా గుమ్మంలో నిలబడి నువ్వే అన్నావు. ఈ ఆఫీసు నాదని, ఒక్క మాట చాలని."

బెహ్నామ్ ముఖం కందిపోయింది. చూపు బల్ల మీద దేనికోసమో వెతికింది. "అది... మీకు తెలియనిదేముంది, హాజీ ఆఘా. మర్యాదకి... మాటవరసకి అంటాం కదా."

షేక్‌కి ఆ ముఖం తెలుసు. నిన్న నేలగదిలో దిండుకి ఆనుకుని తను పెట్టుకున్న ముఖమే అది. ఇప్పుడు తనేమనాలో కూడా తెలుసు. దానికేం నాయనా, నాకు తెలియదా, నేనూ అలాగే అనుకున్నాను. మాటలు నాలుక చివరిదాకా వచ్చాయి. అంటే ఈ కుర్రాడి ముఖం తేటపడుతుంది, టీ తాగి వెళ్ళిపోవచ్చు. ఆ మాట అన్న సఖీదాద్ ఇప్పుడు శిబిరంలో ఉన్నాడు.

"నేను నిజమనుకునే వచ్చాను" అన్నాడు షేక్.

బెహ్నామ్ ఫోను తీసి, కుర్చీ గోడవైపు తిప్పుకుని ఎవరితోనో తగ్గు గొంతుతో మాట్లాడాడు. పెట్టేసి ఇటు తిరిగేసరికి అతని నుదుటి మీద చెమట ఉంది.

"ఒక్కణ్ణి ఆపించగలిగాను. సాయంత్రానికి మీ ఇంటికి చేరతాడు. నా మాట. ఇంక మీరు బయల్దేరండి, ఎండ ముదురుతోంది."

షేక్ ఒళ్ళంతా తేలికైపోయింది. పైఅంగీ అంచు చేతిలోకి తీసుకున్నాడు, కుర్చీలోంచి సగం లేచాడు, చెయ్యి దానంతటదే గుండె మీదికి వెళ్ళింది, నీ నీడ చల్లగా ఉండాలని నోరు తెరవబోయాడు. సమోవర్ వైపు తిరిగిన గుల్‌బేగం వీపు గుర్తొచ్చింది. ఆమె అన్న అదే శిబిరంలో ఉన్నాడు. వాడితో పాటు దింపినవాళ్ళున్నారు. వాళ్ళని తను క్షణంలో మర్చిపోయాడు, ఒక్కడు దొరికాడన్న సంబరంలో. నేలగదిలో కూడా ఆయనకి ఇంత సిగ్గు వెయ్యలేదు.

మళ్ళీ కూర్చున్నాడు.

"ఆ వాక్యం" అన్నాడు. "కాగితం ఇవ్వు."

"అది కుదరదు, హాజీ ఆఘా."

"కుదిరేదాకా కూర్చుంటాను. మన ఆఫీసే కదా."

బెహ్నామ్ ఆయన్ని చూశాడు. గురువు ఎక్కడైనా నవ్వుతాడేమోనని చూశాడు. షేక్ నవ్వకుండా, తల పూర్తిగా ఎత్తలేకుండా, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. బయట నడవాలో ఎవరో ట్రే పట్టుకుని వచ్చి బల్ల మీద రెండు గ్లాసుల టీ పెట్టి వెళ్ళారు. బెహ్నామ్ ఈసారి తీసుకోండని మర్యాదకైనా అనలేదు. షేక్ యదుల్లా తనే చెయ్యి చాపి గ్లాసు తీసుకున్నాడు.